సీడీ రైటరు – వెలయు విలువయు

ఏ వస్తువు వెలయైనను అంగడిలో అడిగిన క్షణముననే తెలియును. దాని విలువ తెలియుటకు మాత్రము కొన్ని సంవత్సరములు పట్టును. ఇంటి కంప్యూటరుకు చవుకలో ఒక సీడీ రైటరు కొనుట యన్న చిన్న విషయమునందు మేమీ సత్యమును కొంచెము ఆలస్యముగా గ్రహించితిమి.

మా మేనత్తగారు మంగళహారతులును, పెండ్లిపాటలును చక్కగా పాడెడివారు. ఆమె కంఠమును మా యింటివారు 1980 దశకమున మూడు క్యాసెట్లలో పట్టి యుంచిరి. ఆమె గతించిన కొన్నేండ్లకు, 2004లో, టేపు నలిగిపోవుచుండుట చూచి, ఆ పాటలను కంప్యూటరులోనికి ఎక్కించి డిస్కులపై వ్రాసి భద్రపరుపవలెనని సంకల్పించితిమి. నాలుగు అంగళ్లు తిరిగి, తక్కినవానికంటె నాలుగు వందల రూపాయలు తక్కువకు దొరకిన రైటరును, పెట్టె యైనను లేక కడ్డీకి గుచ్చి అమ్మెడి పేరులేని డిస్కులను కొని, యుద్ధము గెలిచినవారివలె ఇల్లు చేరితిమి. వ్రాత ముగిసినది. పాటలు స్పష్టముగా వినబడినవి. ఇక క్యాసెట్లతో పని యేమని వానిని పాతసామానులవానికి ఇచ్చివేసితిమి. 2013లో ఒక శుభకార్యమునకై ఆ డిస్కులను తీసి చూడగా, మూడింట రెండు పలుకలేదు.

ఈ నష్టమునకు యంత్రము కారణమా, డిస్కు కారణమా, మా తొందర కారణమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా, ఇంట డిస్కు వ్రాయుట యను విద్యకు గల చరిత్ర యంతయు మా ముందు నిలిచెను. ఆ చరిత్ర తెలిసినగాని, నేడు రైటరు కొనదలచినవారు సయితము దేనికి డబ్బు పెట్టవలెనో, దేనికి పెట్టనక్కరలేదో నిర్ణయింపజాలరు.

ధ్వనిని పట్టు యంత్రము పుట్టినప్పుడు వినుటకును, వ్రాయుటకును గూడ పనికివచ్చునదిగనే పుట్టెను. 1877లో ఎడిసను చేసిన ఫోనోగ్రాఫులో తగరపు రేకు చుట్టిన స్తంభము తిరుగుచుండగా సూది మాటను గీసెడిది. తరువాత వచ్చిన మైనపు స్తంభములపై గృహస్థుడు తన బిడ్డ పలుకును పట్టుకొనవచ్చును. అక్కరలేదనుకొన్నచో పైపొరను చెక్కి మరల వ్రాసికొనవచ్చును. 1887లో ఎమిల్ బెర్లినరు చదునైన పళ్లెముతో గ్రామఫోనును రూపొందించెను. ఒక అచ్చునుండి వేలకొలది ప్లేట్లు తీయుటకు వీలు కలుగుటచే పాట లోకమంతట చవుకయ్యెను. కాని ఆ చవుకతోపాటు వ్రాయు అధికారము ఇంటిని విడిచి కర్మాగారమునకు పోయెను. మన పెద్దలు గ్రామఫోను ప్లేట్లను కొని వినగలిగిరే గాని, తమ ఇంటి పాటను ప్లేటుపై ఎక్కించుకొనలేకపోయిరి.

ఆ అధికారమును తిరిగి తెచ్చుటకు తొలి ప్రయత్నము 1930 దశకమున జరిగినది. అల్యూమినియము పళ్లెముపై నైట్రోసెల్యులోజు పూత పూసి, అప్పటికప్పుడే సూదితో గాడి కోయుటకు అనువైన డిస్కులు 1934 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. టేపు వ్యాపించుటకు ముందు రేడియో కేంద్రములు ప్రసంగములను, కచేరీలను నిలువ చేసికొనుటకు ఇట్టి డిస్కులనే ఆశ్రయించెను. అమెరికాలో రేడియోతో కలిపి అట్టి గాడి కోయు యంత్రములను ఇండ్లకు సయితము అమ్మిరి. సూది నడచినంతసేపు సన్నని దారమువలె లేచు పొట్టును కుంచెతో తీసివేయుచుండవలెను. బల్ల కదలినచో ప్లేటు చెడును. ఆ పూత మెత్తగా నుండుటకై అందు ఆముదము కలిపెడివారు. ఏండ్లు గడచినకొలది ఆ నూనె మారి తెల్లని పొడివలె బయటికి వచ్చును. పూత ముడుచుకొని, పగిలి, రేకునుండి పెచ్చులుగా ఊడిపోవును. ధ్వని భాండారములను కాపాడువారు నేడు మిక్కిలి అపాయములో నున్నవని చెప్పు వస్తువులలో ఈ డిస్కులొకటి.

మా సీడీలకు పట్టిన గతి కొత్తది కాదని దీనివలన తెలియుచున్నది. కర్మాగారమున అచ్చువేసిన డిస్కును, ఇంట వ్రాసిన డిస్కును చూపునకు ఒక్కటే. వాని దేహములు వేరు. ఇంట వ్రాయవలెనన్నచో సూదికో, వేడికో సులభముగా లొంగు పదార్థము కావలెను. సులభముగా లొంగునది కాలమునకు కూడ సులభముగనే లొంగును.

1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును తెచ్చిన పిదప ఇంటివారికి వ్రాయుటకు మంచి సాధనము దొరకినది. మన ఇండ్లలో రేడియోనుండి నాటకములను, సంగీతమును పట్టి దాచుకొన్నవారు ఎందరో కలరు. డిస్కు మాత్రము చాలకాలము వినుటకే మిగిలెను. 1980లో ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి కాంపాక్టు డిస్కు నియమములను నిర్ణయించెను. 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో సోనీవారి తొలి సీడీ ప్లేయరు 1,68,000 యెన్నుల వెలకు అంగడికి వచ్చెను. 12 సెంటీమీటర్ల వెడల్పును, 1.2 మిల్లీమీటర్ల మందమును గల ఆ బిళ్లపై చుట్లు చుట్లుగా లోపలినుండి వెలుపలికి సాగు బాట పొడవు 5 కిలోమీటర్లకు మించును. ఆ బాటపై నున్న సూక్ష్మమైన గుంటలను లేజరు కాంతి చదువును. 74 నిమిషముల సంగీతము అందు ఇముడును. అదే బిళ్లపై కంప్యూటరు సమాచారమును నింపు పద్ధతియు వెంటనే వచ్చెను. కాని గ్రామఫోను కథయే మరల జరిగెను: వినుట ఇంటను, వ్రాయుట కర్మాగారమునను.

ఈ ముడిని విప్పినది ఒక రంగు. జపానులోని తైయో యూడెన్ సంస్థ 1988లో సయనీను అను రంగు పూసిన డిస్కును రూపొందించెను. ప్లాస్టిక్కు బిళ్లలో ముందుగనే ఒక సన్నని గాడి యుండును. దానిపై రంగు, రంగుపై అద్దమువలె మెరయు బంగారు పొర, దానిపై వార్నీషు. బలమైన లేజరు కిరణము తగిలినచోట రంగు వేడెక్కి శాశ్వతముగా మారును. చదువు యంత్రమునకు ఆ మచ్చ గుంటవలె తోచును. డిస్కును కాల్చుట యన్న మాట ఇందుండియే పుట్టినది. 1990లో దీనికి నియమావళి యేర్పడెను. అయినను, వేడికి మారుటకే పుట్టిన ఆ రంగు ఎండకును మారునన్న సంగతి సామాన్య గృహస్థునకు చెప్పినవారు తక్కువ.

ఇక వెల సంగతి చూతము. 1992లో ఒక రైటరు పది, పండ్రెండు వేల డాలర్లు. ఆ వెలకు కొన్నవారు ప్రచురణ సంస్థలును, పెద్ద కార్యాలయములును. 1995 సెప్టెంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, ఫిలిప్స్‌వారు తయారుచేసిన 4020ఐ అను రైటరును 995 డాలర్లకు అమ్మసాగెను. వేయి డాలర్లలోపు దొరకిన తొలి సీడీ రైటరు అదియే. ఇంటి కంప్యూటరు గలవాడు అప్పు చేసియైనను కొనదగిన యంత్రము ఆనాడు పుట్టినదనవచ్చును. దాని వేగము రెండు రెట్లు మాత్రమే. ఒక రెట్టు అనగా సెకనుకు 150 కిలోబైట్లు. ఆ లెక్కన నిండు డిస్కు వ్రాయుటకు 74 నిమిషములు పట్టును. రెండు రెట్ల వేగమున 37 నిమిషములు.

ఆ 37 నిమిషములు ఇంటిల్లిపాదియు ఊపిరి బిగపట్టి కూర్చుండవలసినదే. రైటరు ఒకసారి వ్రాయ మొదలిడినచో ఆగుటకు వీలులేదు. కంప్యూటరు సమాచారమును ఎడతెగక అందించుచుండవలెను. పిల్లవాడొకడు వచ్చి మరియొక పని తెరచినను, హార్డు డిస్కు ఒక్క క్షణము తడబడినను ధార తెగును, డిస్కు చెడును. ఇట్లు చెడిన డిస్కులను కాఫీ కప్పుల క్రింద పెట్టుకొనువారు లోకమంతటను ఉండిరి. యంత్రము చవుకైనను చెడిన డిస్కుల వెల కలిపి చూచినచో అది చవుక కాకపోయెను. 2000లో సాన్యో సంస్థ ఒక ఉపాయము కనుగొనెను. ధార తెగబోవునని గ్రహించి యంత్రము వ్రాత ఆపి, ఆపినచోటును జ్ఞాపకముంచుకొని, సమాచారము అందగానే అచ్చటినుండియే అందుకొనును. తక్కిన సంస్థలు వేర్వేరు పేర్లతో అట్టి ఏర్పాట్లనే చేసికొనెను. ఆ యేటినుండి రైటరు కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న వేగము కాదు, ఈ రక్షణ కలదా యని. నేడు ఆ ప్రశ్న అక్కరలేదు, అన్నిటను కలదు.

1997లో మరల మరల వ్రాయదగిన డిస్కు వచ్చెను. అందు రంగునకు బదులు ఒక లోహమిశ్రము. దానిని వేయి సార్లు మార్చి వ్రాయవచ్చునని చెప్పిరి. కాని అది కాంతిని తక్కువగా ప్రతిఫలించుటచే పాత ప్లేయర్లు దానిని గుర్తింపలేకపోయెను. పలకపై వ్రాతకు, రాగిరేకుపై వ్రాతకు గల భేదమే వీనికిని కలదు. దినదినము మార్చు లెక్కలకు అవి తగును. దాచవలసిన కంఠమునకు తగవు.

తరువాతి కథ వేగము కథ. రెండు రెట్లు నాలుగాయెను, ఎనిమిదాయెను, పండ్రెండాయెను. తుదకు 52 రెట్లకు చేరి నిలిచెను. సంగీతము వినునప్పుడు నిమిషమునకు 200 నుండి 500 చుట్లు తిరుగు బిళ్ల, 52 రెట్ల యంత్రములో పదివేల చుట్లకు పైగా తిరుగును. బీటవారిన డిస్కులు ఆ వేగమునకు తాళలేక యంత్రము లోపలనే ముక్కలైన సందర్భములు కలవు. పైగా, ఆ పేరుబడిన వేగము డిస్కు వెలుపలి అంచున మాత్రమే అందును. 52 రెట్లనగా 74 నిమిషముల పని ఒకటిన్నర నిమిషములో ముగియవలెను. నిజమునకు రెండున్నర, మూడు నిమిషములు పట్టును. 24 రెట్ల యంత్రమునకు నాలుగైదు నిమిషములు. మిగిలినది రెండు నిమిషములు. ఈ రెండు నిమిషములకై కొనువారు పోటీపడిరి. అమ్మువారు పెట్టెలపై పెద్ద అంకెలు అచ్చువేసిరి. మేమును పెట్టెపై అంకె చూచియే కొంటిమి.

సీడీ వెలలు దిగుచుండగనే డీవీడీ వచ్చి ఇదే నాటకమును మొదటినుండి ఆడెను. 1997లో పయొనీరు సంస్థ తొలి డీవీడీ రైటరును 17,000 డాలర్లకు అమ్మెను. నాలుగేండ్లకు, 2001లో, అదే సంస్థ 4.7 గిగాబైట్ల డిస్కును వ్రాయు యంత్రమును వేయి డాలర్లకు లోపుగనే తెచ్చెను. ఆపిల్ సంస్థయు ఆ యేడు జనవరిలో అట్టి యంత్రమును తన కంప్యూటరులో అమర్చి అమ్మెను. అయితే ఈ సారి కొనువారికి క్రొత్త చిక్కొకటి యెదురయ్యెను. డీవీడీ ఫోరమువారి డిస్కు పేరులో మైనసు గీత. ఫిలిప్స్, సోనీ, హ్యూలెట్ ప్యాకార్డ్ మొదలగు సంస్థల కూటమివారి డిస్కు పేరులో ప్లస్సు గుర్తు. ఒకదానిని వ్రాయు యంత్రము రెండవదానిని వ్రాయదు. కొన్ని ప్లేయర్లు ఒకదానిని చదివి రెండవదానిని త్రోసివేయును. ఆ రెండేండ్లలో తొందరపడి కొన్న గృహస్థు తనకు తెలియకయే ఒక పక్షమున చేరినవాడాయెను. 2002లో సోనీ సంస్థ రెంటిని వ్రాయు యంత్రమును తెచ్చుటతో ఈ వైరము చల్లారసాగెను. 2004, 2005 నాటికి రెండు విధములను వ్రాయు రైటరు నూరు డాలర్లకు దిగువనే దొరకెను. వేచి యున్నవాడు లాభపడెను.

పదివేల డాలర్ల సీడీ రైటరు 995 డాలర్లకు దిగుటకు మూడేండ్లు పట్టెను. 17,000 డాలర్ల డీవీడీ రైటరు నూరు డాలర్లకు దిగుటకు ఏడెనిమిదేండ్లు పట్టెను. ఇట్టి పతనము బంగారమునందు గాని, బియ్యమునందు గాని మన మెన్నడును చూడలేదు. అయితే యంత్రము వెల ఇట్లు దిగిపోగా ఆ భారము ఎచ్చటికి పోయెను? డిస్కు మీదికి పోయెను.

మన దేశపు కథ ఇచ్చట కలియుచున్నది. 1983లో ఢిల్లీలో మొదలిడి, 1988లో ఫ్లాపీ డిస్కులను చేసి, 1999లో వ్రాయదగిన సీడీలను చేయసాగిన మోజర్ బేర్ సంస్థ కొలది కాలములోనే ఆ వస్తువును తయారుచేయుటలో ప్రపంచమునందలి అగ్రశ్రేణి సంస్థలలో నొకటియై నిలిచెను. తైవాను కర్మాగారములతో పోటీపడి చేసిన డిస్కులు రూపాయల లెక్కన అమ్ముడుపోయెను. మన పట్టణములందు డిస్కు ఖాళీది కొనుట సోడా కొన్నంత సులభమాయెను. రైటరు లేనివారు వీధి చివరనున్న ఇంటర్నెట్ కేంద్రమునకు పోయి పెండ్లి ఫోటోలను సీడీలపై వ్రాయించుకొనిరి. హైదరాబాదులో అమర్చిన ఇంటి కంప్యూటర్లకు సీడీ రైటరు చేర్చుట 2000 తరువాత క్రమముగా వాడుకయ్యెను. కాలము మారి, డిస్కులు కొనువారు తగ్గి, ఆ సంస్థ 2018లో మూతపడు స్థితికి వచ్చి, న్యాయస్థానపు ఉత్తరువుతో దాని ఆస్తుల అమ్మకము నిర్ణయమయ్యెను.

చవుక డిస్కులో తగ్గునదేమి? కంటికి కనబడునది ఏదియు తగ్గదు. రంగు మేలిమి, పొర సమముగా నుండుట, అంచున వార్నీషు గట్టిగా అతుకుట, ఇవి తగ్గును. రంగులలో మూడు తెగలు ముఖ్యము. సయనీను మొదటిది, కాంతికి త్వరగా వాడును. థాలోసయనీను తరువాతిది, వెలుగునకు ఎక్కువ ఓర్చును. ఎజో అను ముదురు నీలపు రంగును మిత్సుబిషి రసాయన సంస్థ ప్రచారములోనికి తెచ్చెను, అదియు గట్టిదే. డిస్కు నూరేండ్లుండునని పెట్టెలపై చూచియుందుము. అది వేడిలోను, తేమలోను కొన్ని వారములుంచి చేసిన పరీక్షలనుండి కట్టిన లెక్క. మన ఇండ్లలో మే మాసపు గదిని చూచి కట్టిన లెక్క కాదు.

సీడీలో మెరయు పొర పైభాగముననే, వార్నీషు క్రిందనే యున్నదని చాలమంది ఎరుగరు. క్రింది వైపున గీత పడినచో తుడిచి, మెరుగుపెట్టి కొంత బాగుచేయవచ్చును. పేరు వ్రాయు వైపున గట్టి కలముతో గీసినచో సమాచారమే గీరుకొనిపోవును. డీవీడీలో రంగు పొర 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల నడుమ నుండుటచే ఈ అపాయము తక్కువ.

యంత్రమునకును, డిస్కునకును నడుమ జరుగు సంభాషణ మరియొకటి కలదు. ఖాళీ డిస్కు గాడిలోనే దాని తయారీదారుని సంకేతము ముద్రింపబడియుండును. రైటరు ఆ సంకేతమును చదివి, తన లోపలి పట్టికలో ఆ డిస్కుకు ఎంత వేడి, ఎంత వేగము తగునో చూచికొని, లోపలి అంచున కొంచెము వ్రాసి సరిచూచికొని పిమ్మట పని మొదలిడును. పట్టికలో లేని అనామక డిస్కు దొరకినచో ఊహతో వ్రాయును. మేము చేసినది ఇదియే: పట్టిక తెలియని యంత్రముచే, పేరులేని డిస్కుపై, మిక్కిలి వేగమున వ్రాయించితిమి. ఆనాడు వినబడినది గదా యని సంతోషించితిమి. వ్రాత అంచుమీద నిలిచియున్నదని, రంగు కొంచెము వాడగానే పడిపోవునని ఎరుగమైతిమి.

ఇక నేటి గృహస్థునకు ఈ చరిత్ర ఏమి చెప్పుచున్నది? 2008లో ఆపిల్ సంస్థ డిస్కు అర లేని పలుచని కంప్యూటరును తెచ్చినప్పుడు వింతగా చూచితిమి. నేడు డిస్కు అర గల కంప్యూటరే వింత. కావున రైటరు కొనుట యనగా యూఎస్‌బీ తీగతో తగిలించు పలుచని డీవీడీ రైటరును కొనుటయే. ఇందు యంత్రము వెలకై అంగళ్లు తిరుగవలసిన పనిలేదు. నాడు రాజ్యములేలిన వస్తువు నేడు అల్పమైన వెలకే దొరకుచున్నది. చూడవలసినవి వేరు.

మొదటిది, ప్లస్సును, మైనసును గూడ, సీడీని డీవీడీని గూడ వ్రాయునదై యుండవలెను. రెండవది, విద్యుత్తు. ఈ పలుచని యంత్రములు తిరుగ మొదలిడునప్పుడు పాత యూఎస్‌బీ రంధ్రము ఇచ్చుదానికంటె ఎక్కువ విద్యుత్తు కోరవచ్చును. విద్యుత్తు చాలనిచో వ్రాత మధ్య యంత్రము సొమ్మసిల్లును. రెండు మొనల తీగ గలదో, వేరుగా విద్యుత్తు అందించు వీలు గలదో అడిగి తెలిసికొనవలెను. మూడవది, వేగపు అంకెను లెక్కచేయరాదు. పలుచని యంత్రములు సామాన్యముగా డీవీడీని 8 రెట్ల వేగమున వ్రాయును, అదియే చాలును. నాలుగవది, రంగునకు బదులు రాతివంటి గట్టి పొర గల ఎం-డిస్కు అను డిస్కును వ్రాయగలదో లేదో చూచుట మంచిది. దానికి బలమైన లేజరు కావలెను. బ్లూరే రైటరు అన్నిటిని వ్రాయును గాని వెల పెక్కు రెట్లు. మూడు గంటల పాట, ఏ మాత్రము కుదింపకుండ, రెండు గిగాబైట్లకు లోపు. ఒక్క డీవీడీలో సగమైనను నిండదు. అందుకై 25 గిగాబైట్ల యంత్రము కొనుట దోసెడు నీటికి బావి త్రవ్వుటవంటిది.

యంత్రమున మిగిల్చిన సొమ్మును డిస్కుపై పెట్టవలెను. ఇది ఈ చరిత్రయంతటి సారము. పేరుగల సంస్థ డిస్కులను, ఒక్కొక్కటి పెట్టెలో నున్నవానిని కొని, మధ్యమ వేగమున వ్రాసి, వ్రాసిన వెంటనే సరిచూడుమని కంప్యూటరుకు చెప్పవలెను. పాటలను ప్లేయరుకై పాటల డిస్కుగా మాత్రమే కాక, కంప్యూటరు ఫైళ్లుగా గూడ వ్రాయవలెను. ఫైళ్ల డిస్కులో తప్పులను దిద్దుకొను ఏర్పాటు ఒక మెట్టు ఎక్కువ. రెండు ప్రతులు రెండు ఇండ్లలో నుండవలెను. హార్డు డిస్కుపై మూడవ ప్రతి యుండవలెను. సంవత్సరమున కొకసారి, సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడు, డిస్కులను కూడ చదివించి చూచి, తడబడుచున్నదానిని వెంటనే క్రొత్తదానిపైకి ఎక్కించవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మూలమైన క్యాసెట్టును పారవేయరాదు.

ఈ పని వాయిదా వేయదగినది కాదు. రంగు డిస్కునకు పురుడు పోసిన తైయో యూడెన్ సంస్థ 2015లో ఆ వ్యాపారమును విడిచెను. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో వ్రాయదగిన బ్లూరే డిస్కుల తయారీని నిలిపివేసెను. యంత్రము చవుకైన నాడు డిస్కు భారమాయెను. డిస్కు చవుకైన నాడు దానిని చదువు యంత్రము కరవగుచున్నది. వ్రాయుటకు కొన్న రైటరు రేపు చదువుటకు మిగిలిన ఏకైక యంత్రము కావచ్చును. ఆ దృష్టితో చూచినచో నాలుగు వందల రూపాయల బేరమునకు అర్థమే లేదు.

మా మేనత్తగారి పాటల సంగతి చెప్పకయే ముగించుట న్యాయము కాదు. 2004లో మేము రెండవ ప్రతి యొకటి వ్రాసి కాకినాడలోని మా అక్కగారికి పంపితిమి. ఇంటి ఆడపడుచునకు ఇచ్చునది గదా యని, దానికి మాత్రము ఒక్కొక్కటి ఎనిమిది రూపాయలు ఎక్కువ పెట్టి పెట్టెలలోని డిస్కులను కొంటిమి. మొదటి ప్రతి వ్రాయునప్పుడు ఒక డిస్కు చెడుటచే భయపడి, ఈ ప్రతిని 8 రెట్ల వేగముననే వ్రాసితిమి. మా ప్రతి కిటికీ ప్రక్కనున్న బల్లమీద ఎండకు పడియుండెను. ఆమె ప్రతి బీరువాలో పట్టుచీరల నడుమ నుండెను. 2013లో మా డిస్కులు మూగవోయిన మరునాడే ఆమెకు టెలిఫోను చేసితిమి. ఆమె తన డిస్కులను తీసి, ప్లేయరులో పెట్టి, టెలిఫోనును దాని చెంత నుంచెను. మూడు డిస్కులును పలికెను.

వానిని బ్రతికించినది మంచి రంగా, మందమైన వేగమా, బీరువాలోని చీకటియా, ఇది యని మేము తేల్చి చెప్పజాలము. మూడును కలిసియే యుండవచ్చును. యంత్రము మాత్రము రెంటికి ఒక్కటే. ఆ నాలుగు వందలు తక్కువకు కొన్నదే. మనకై కొన్నదానిలో బేరమాడి, ఆడపడుచునకై కొన్నదానిలో బేరమాడకపోవుటచేతనే ఆ కంఠము నేడు మాకు మిగిలియున్నది.